మూడు నీళ్ల దగ్గర ఆపగలరా?

పంచదార మీద గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ పోస్తే ఏమవుతుందో బడిలో చాలామంది చూసే ఉంటారు. తెల్లటి పొడి పసుపెక్కి, గోధుమరంగుకి తిరిగి, నల్లబడి, పొగలు కక్కుతూ బీకరు దాటి పైకి లేస్తుంది. చక్కెర అణువులో ఉన్న నీటినంతా యాసిడ్ లాగేసుకుంటే మిగిలేది బొగ్గే కదా. పిల్లలకి భలే సరదా. మొక్కల చక్కెరల నుంచి ప్లాస్టిక్‌లు, రెజిన్లు, ఇంధనాలు తీస్తామంటున్న రసాయనశాస్త్రం మాత్రం ఈ ప్రయోగాన్ని సరైన చోట ఆపడం మీదే ఆధారపడి ఉంది. నీళ్లన్నీ పోకూడదు, మూడే పోవాలి.

ఆరు కార్బన్ల ఫ్రక్టోజ్ (పండ్ల చక్కెర) నుంచి మూడు నీటి అణువులు తీస్తే హైడ్రాక్సీమిథైల్ ఫర్‌ఫ్యూరాల్ వస్తుంది, పొట్టిగా హెచ్‌ఎంఎఫ్ అంటారు. తేనెని ఎక్కువగా వేడి చేశారా, చాలాకాలం నిల్వ ఉంచారా అని పరీక్షించేవాళ్లు కొలిచేది కూడా దీన్నే. దీన్ని ఆక్సీకరిస్తే వచ్చే ఆమ్లంతో పీఈఎఫ్ అనే ప్లాస్టిక్ చేయొచ్చు, మామూలు పెట్ ప్లాస్టిక్ సీసా కంటే గ్యాస్‌ని బాగా ఆపుతుంది. ఐదు కార్బన్ల జైలోజ్ అనే చక్కెర నుంచి మూడు నీళ్లు తీస్తే ఫర్‌ఫ్యూరాల్, దాన్నుంచి లోహాలు పోతపోసే ఫౌండ్రీల్లో ఇసుక అచ్చులు గట్టిపడటానికి వాడే రెజిన్.

ఇందులో కొత్తదనం ఎంత? 1811లో రసాయనవేత్త కిర్కాఫ్ పిండిపదార్థాన్ని యాసిడ్‌తో మరిగించి చక్కెర చేశాడు. 1819లో ఫ్రెంచి రసాయనవేత్త బ్రాకొనో నారగుడ్డ పీలికల్నే యాసిడ్‌తో చక్కెరగా మార్చాడు. 1920ల మొదట్లోనే క్వేకర్ ఓట్స్ కంపెనీ ఓట్స్ పొట్టు నుంచి టన్నులకొద్దీ ఫర్‌ఫ్యూరాల్ తీయడం మొదలుపెట్టింది. అంటే ‘పంట వ్యర్థాల నుంచి రసాయనాలు’ అనే హెడ్డింగుకి వందేళ్లు దాటాయి. అది తెలియక, తెలిసినా పట్టించుకోక, అదే హెడ్డింగుని ప్రతిసారీ సరికొత్త అద్భుతంలా వేసేవాళ్లలో మేమూ ఉన్నాం.

అసలు తంటా ఏమిటంటే, హెచ్‌ఎంఎఫ్ తయారైన చోట ఊరికే కూర్చోదు. చుట్టూ వేడి నీళ్లు, యాసిడ్ ఉంటే రెండు నీటి అణువుల్ని మళ్లీ కలుపుకుని లెవ్యులినిక్ ఆమ్లంగా, ఫార్మిక్ ఆమ్లంగా విడిపోతుంది. లెవ్యులినిక్ ఆమ్లం పనికొచ్చేదే, కావాలనుకుని చేసేవాళ్లూ ఉన్నారు. అసలు నష్టం ఇంకోచోట ఉంది: చక్కెరా హెచ్‌ఎంఎఫ్ ఒకదానికొకటి అతుక్కుని హ్యూమిన్లు అనే నల్లటి ముద్దగా మారి, రియాక్టరు గోడలకి పట్టి, ఉత్ప్రేరకం రంధ్రాల్ని మూసేస్తాయి. లెక్క ప్రకారం అంతా సవ్యంగా జరిగినా 100 కిలోల ఫ్రక్టోజ్‌కి 70 కిలోల హెచ్‌ఎంఎఫ్ మించి రాదు, మిగతాది నీళ్లు. ఆ 70లోంచి మళ్లీ ఈ నల్లముద్ద వాటా తీసేయాలి.

దీనికి తెలివైన ఉపాయాలు లేకపోలేదు. 2006లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డ్యుమెసిక్ బృందం కింద యాసిడ్ నీరు, పైన సేంద్రియ ద్రావకం ఉంచి, హెచ్‌ఎంఎఫ్ పుట్టినది పుట్టినట్టే పైపొరలోకి జారుకునేలా చేసింది. నెదర్లాండ్స్ కంపెనీ అవాంటియం నీళ్ల బదులు మిథనాల్‌లో పని కానిచ్చి, హెచ్‌ఎంఎఫ్‌కి బదులు కాస్త నిలకడగా ఉండే దాని ఈథర్‌ని తీస్తుంది. పీఈఎఫ్‌కి కావాల్సిన ఆమ్లాన్ని ఏడాదికి 5,000 టన్నులు తీసే సామర్థ్యంతో కట్టిన వాళ్ల ప్లాంటు 2024లో అదే దేశంలోని డెల్ఫ్‌జైల్‌లో ప్రారంభమైంది. ప్రపంచం ఏటా వాడే పెట్ కోట్ల టన్నుల్లో ఉంటుందని పక్కన పెట్టుకుని చూస్తే ఇది ఏ దశలో ఉందో తెలుస్తుంది. పైగా అక్కడ ముడిసరుకు ఫ్రక్టోజ్, గడ్డీ పొట్టూ కాదు.

గడ్డిలోని సెల్యులోజ్ విడిపోతే వచ్చేది గ్లూకోజ్, అది మొండిఘటం. ముందు దాన్ని ఫ్రక్టోజ్‌గా తిప్పాలి, ఆ పని మామూలు యాసిడ్ వల్ల సరిగ్గా కాదు, ఎలక్ట్రాన్ జంటని అందుకునే లూయిస్ ఆమ్లం కావాలి. 2010లో కాల్‌టెక్‌లో డేవిస్ బృందం సన్నటి రంధ్రాలుండే జియోలైట్ అనే ఖనిజంలో తగరం కూర్చి, వేడి నీళ్లలోనే ఆ పని చేయించింది. అందమైన కెమిస్ట్రీ అని ఒప్పుకోవాల్సిందే. అంతకు మూడేళ్ల ముందు అయానిక్ ద్రవంలో (కరిగి ద్రవంగా ఉండే లవణం) క్రోమియం క్లోరైడ్‌తో గ్లూకోజ్ నుంచి దాదాపు 70 శాతం హెచ్‌ఎంఎఫ్ రాబట్టారు, అయితే ఆ ద్రవం ఖరీదైనది, అందులోంచి సరుకు బయటికి తీయడం ఇంకో పెద్ద పని.

మా ఫిర్యాదు ఇక్కడే. కొత్త పరిశోధనల ప్రకటనల్లో కనిపించే ‘95 శాతం దిగుబడి’ అంటే చాలాసార్లు బాగా పలచటి, స్వచ్ఛమైన ఫ్రక్టోజ్ ద్రావణంలోంచి ఒక చుక్క తీసి యంత్రంలో కొలిచిన అంకె, సీసాలోకి వచ్చిన సరుకు కాదు. డీఎంఎస్‌ఓ అనే సేంద్రియ ద్రావకంలో ఈ చర్య చక్కగా జరుగుతుంది, నిజమే, కానీ ఆ ద్రావకం మరిగేది 189 డిగ్రీల దగ్గర, హెచ్‌ఎంఎఫ్ చూస్తే వేడికి పాడయ్యే రకం. ఎలా విడదీస్తారన్న ప్రశ్నకి జవాబు ఉండదు. ఉత్ప్రేరకంగా గింజల రూపంలో వేసే ‘మళ్లీ మళ్లీ వాడుకోగల ఘన యాసిడ్’ కథా అంతే. దానికున్న ఆమ్ల సమూహాలు వేడి నీళ్లలో కరిగిపోయి, ఆ కరిగినదే పనంతా చేస్తూ ఉండొచ్చు. తేల్చడం కష్టమేం కాదు: మధ్యలో వేడిగా ఉండగానే గింజల్ని వడకట్టి, చర్య ఇంకా సాగుతోందా చూడాలి. సాగితే గుట్టు తెలిసిపోతుంది. ఇంత చిన్న పరీక్ష చేయడానికి బద్ధకమెందుకు?

పాత సల్ఫ్యూరిక్ యాసిడ్‌ని ఈసడించడమూ మాకు నచ్చదు. చవక, పని చేస్తుంది. లోహాన్ని తినేస్తుంది, సున్నంతో తటస్థీకరిస్తే గుట్టలుగా జిప్సం మిగులుతుంది, అది నిజమైన తలనొప్పే. అయితే కొత్త ఉత్ప్రేరకం దాని కంటే మేలని చెప్పాలంటే అసలు గడ్డితో, చిక్కటి ద్రావణంతో, పదిసార్లు వాడి చూపించాలి. ప్రజల డబ్బుతో నడిచే ప్రాజెక్టులకైనా ఈ షరతు పెట్టాలి.

మా వరకు మేం చేయగలిగింది ఒకటి ఉంది. ఇకపై ఇలాంటి ప్రకటన మా డెస్క్‌కి వస్తే, 100 కిలోల చక్కెరకి సీసాలోకి ఎంత వచ్చింది, నల్లముద్ద ఎంతైంది అని అడిగి ఆ అంకెలతోనే వేస్తాం. చెప్పకపోతే, అడిగినా చెప్పలేదనే వేస్తాం.