ఎస్‌యూవీయే అక్కర్లేదు, ఇంపాలా చాలు
పెద్ద సెడాన్లు, అంటే వెనక విడిగా డిక్కీ ఉండే పొడవాటి కార్లు, ఇంక ఎవరికీ అక్కర్లేదని కొందరు రాస్తుంటారు కదండీ, నేను మాత్రం ఒప్పుకోను. 2019లో అమ్మానాన్న గుంటూరు నుంచి వచ్చినప్పుడు డాలస్‌లో షెవర్లే ఇంపాలా రెంట్‌కి తీసుకుని హ్యూస్టన్ వెళ్ళొచ్చాం, ఐ-45 హైవే మీద వెళ్ళేటప్పుడే దాదాపు 240 మైళ్ళు, నాన్నకి మోకాళ్ళ నొప్పులు, ఎస్‌యూవీ ఎక్కాలంటే చెయ్యి పట్టుకోవాలి, ఇందులో హాయిగా కూర్చుని కాళ్ళు చాపుకున్నారు. 3.6 లీటర్ల వీ6 (ఆరు సిలిండర్ల) ఇంజిన్, 305 హార్స్‌పవర్, హైవే ఎక్కే ర్యాంప్ మీద ట్రక్కుల మధ్యలోకి దూరాలంటే కాస్త తొక్కితే చాలు, అస్సలు భయం వేయలేదు. డిక్కీ అయితే చెప్పక్కర్లేదు, మూడు పెద్ద సూట్‌కేసులు, పైన అమ్మ పచ్చళ్ళ డబ్బాలు. పార్కింగ్ కొంచెం కష్టమే, దాదాపు 17 అడుగుల పొడవు మరి. మలుపుల్లో బరువు తెలుస్తుంది కానీ హైవే మీద లోపల ఎంత నిశ్శబ్దమంటే అమ్మ సగం దారి నిద్రపోయింది, మామూలుగా కారెక్కితే కళ్ళు తిరుగుతాయంటుంది. 2020 ఫిబ్రవరిలో ఇంపాలా తయారీ ఆపేశారని చదివి నిజంగా బాధేసింది. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు రెంటల్ కౌంటర్‌లో ఎస్‌యూవీ అంటగడుతుంటే ఒక్కసారి ఫుల్ సైజ్ సెడాన్ ఉందేమో అడగండి