బురదలో సున్నా కనిపిస్తే ఏమనుకోవాలి?

ఆర్కిటిక్ మంచు ఎంత కరిగిందో చూపించే గ్రాఫులు దాదాపు అన్నీ 1979 దగ్గరే మొదలవుతాయి. ఉపగ్రహాలు క్రమం తప్పకుండా లెక్క తీస్తున్నది అప్పటి నుంచే. 2012 సెప్టెంబరులో మంచు విస్తీర్ణం సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయి రికార్డుకెక్కింది. అంతకు ముందు వేల ఏళ్లలో ఎప్పుడైనా ఇలా కరిగిందా అంటే మాత్రం సముద్రం అడుగున పేరుకున్న బురదను అడగాల్సిందే. అది ఇచ్చే జవాబుల్లో ఎక్కువ అపార్థాలకు దారితీసేది సున్నా, అంటే వెతికిన ఆనవాలు అసలు దొరకకపోవడం, అని నా అభిప్రాయం.

మంచు కరిగిపోతే ఆనవాలేం మిగులుతుంది? సముద్రపు మంచు గట్టి దిమ్మ కాదు. దాని అడుగు భాగంలో ఉప్పునీరు నిండిన సన్నని దారులుంటాయి. వసంతంలో వెలుతురు రాగానే వాటిలో డయాటమ్‌లనే సూక్ష్మ శైవలాలు విపరీతంగా పెరుగుతాయి. వాటిలో కొన్ని జాతులు మాత్రమే 25 కార్బన్ పరమాణువులున్న ఒక హైడ్రోకార్బన్‌ను తయారుచేస్తాయి. మంచు కరిగినప్పుడు అది శైవలాలతో పాటు కిందికి దిగి బురదలో కలుస్తుంది. బ్రిటన్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయానికి చెందిన సైమన్ బెల్ట్ బృందం 2007లో దీనికి ఐపీ25 అని పేరు పెట్టింది. గ్రాము బురదలో ఉండేది నానోగ్రాముల్లోనే. అయినా లక్షల ఏళ్ల నాటి పొరల్లో కూడా ఇది దొరికింది. డయాటమ్‌ల గాజు పెంకులే కరిగిపోయే చోట వాటి కొవ్వు పదార్థం నిలిచి ఉండటం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

ఐపీ25 కనిపిస్తే ఏటా వచ్చి కరిగిపోయే మంచు ఉండేదని ధైర్యంగా చెప్పొచ్చు. కనిపించకపోతేనే చిక్కు. అసలు మంచే లేకపోతే ఆ శైవలాలూ ఉండవు, సున్నా. మంచు మరీ మందంగా, ఏడాది పొడవునా కదలకుండా ఉన్నా కిందికి వెలుతురు దిగదు, శైవలాలు పెరగవు, అప్పుడూ సున్నానే. పూర్తిగా విరుద్ధమైన రెండు పరిస్థితులకు ఒకటే రీడింగ్.

దీన్ని విడదీయడానికి శాస్త్రవేత్తలు మంచు లేని నీటిలో పెరిగే శైవలాల గుర్తులను, ఉదాహరణకు బ్రాసికాస్టెరాల్ అనే కొవ్వు పదార్థాన్ని, ఐపీ25తో పోల్చి చూస్తారు. గ్రీన్‌లాండ్‌కు, నార్వే దీవులైన స్వాల్బార్డ్‌కు మధ్యనున్న ఫ్రామ్ జలసంధి బురదపై 2009లో వచ్చిన అధ్యయనం ఇందుకు మంచి ఉదాహరణ. గత మంచుయుగం తీవ్రంగా ఉన్న కాలంలో అక్కడ ఐపీ25 లేదు, నీటి శైవలాల గుర్తులూ నామమాత్రమే. అంటే శాశ్వత మంచు. మంచుయుగం ముగుస్తున్న దశలో కొద్దికాలం ఐపీ25 లేదు గానీ నీటి శైవలాలు బాగా ఉన్నాయి. అంటే మంచు వెనక్కి తగ్గింది. సముద్రం అడుగు నుంచి గొట్టంతో తీసిన ఒకే బురద స్తంభంలో రెండు రకాల సున్నాలు!

2011లో ఈ రెండు గుర్తులనూ కలిపి పీఐపీ25 అనే సూచిక తెచ్చారు. ఇక్కడ నాకో అభ్యంతరం ఉంది. ఆ లెక్కలో రెండు గుర్తుల మోతాదుల తేడాను సరిచేయడానికి వాడే సర్దుబాటు సంఖ్యను చాలాసార్లు అదే బురద స్తంభంలోని సగటుల నుంచి తీస్తారు. స్తంభంలో ఎంచుకున్న భాగం మారితే సగటు మారుతుంది, గతం కూడా కాస్త మారినట్టు కనిపిస్తుంది. పైగా బ్రాసికాస్టెరాల్ నదుల నుంచి కూడా రావచ్చు. అందుకే ఈ సూచికను మంచు శాతంగా మార్చి రాసే వార్తలను అనుమానంగానే చదువుతాను. హెచ్చుతగ్గుల దిశను నమ్మొచ్చు, అంకెను అంతగా కాదు.

సుమారు 1,27,000 ఏళ్ల కిందటి వెచ్చని కాలం గురించి నడుస్తున్న వాదన చూడండి. ఆర్కిటిక్ నడిబొడ్డున వేసవిలోనూ మంచు ఉండేదని ఐపీ25 ఆధారంగా 2017లో ఒక బృందం చెప్పింది. వేసవిలో మంచు పూర్తిగా మాయమైందని 2020లో ఒక బ్రిటిష్ వాతావరణ కంప్యూటర్ నమూనా లెక్కగట్టింది. కొంత వెచ్చని నీటిలో బతికే ఒక సూక్ష్మజీవి పెంకులు ఆ ప్రాంతపు పొరల్లో దొరకడంతో 2023లో ఇంకో బృందం కూడా మంచు లేని వేసవుల వైపే మొగ్గింది. ఆ పొరల వయసు మీద కూడా ఏకాభిప్రాయం లేదు. మధ్య ఆర్కిటిక్‌లో ఒక సెంటీమీటరు బురద పేరుకోవడానికే వందలు, ఒక్కోచోట వేల ఏళ్లు పడుతుంది మరి.

ఈ వాదనలోంచి ఒక ముక్క తీసుకుని “అప్పుడూ కరిగింది కదా, ఇప్పుడెందుకు ఇంత టెన్షన్” అనేవాళ్లున్నారు. అప్పటి వేడికి కారణం భూమి కక్ష్యలో మార్పు. దానివల్ల ఉత్తరార్ధగోళపు వేసవి ఎండ పెరిగింది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఇప్పటికంటే చాలా తక్కువ. ఒకవేళ అప్పుడు మంచు నిజంగానే పోయి ఉంటే, కొద్దిపాటి వేడికే ఆర్కిటిక్ తట్టుకోలేదని అర్థం. అది ఊరట కలిగించే వార్త ఎలా అవుతుందో నాకు తెలియడం లేదు.

ఈ సున్నా చిక్కుకు శైవలాలతో సంబంధం లేని సాక్ష్యం కావాలి. అంతరిక్ష ధూళితో వచ్చే హీలియం-3 అనే అరుదైన రకం హీలియం అలాంటిదే. అది భూమి మీద దాదాపు ఒకే వేగంతో రాలుతుంది. సముద్రపు నీటిలోని యురేనియం నుంచి థోరియం-230 కూడా స్థిరంగా పుట్టి అడుగుకు చేరుతుంది. పైన మంచు కప్పు ఉంటే ధూళి అడుగుకు చేరడం తగ్గుతుంది, థోరియం మాత్రం చేరుతూనే ఉంటుంది. కాబట్టి ఈ రెంటి నిష్పత్తి మంచు ఎంత కప్పి ఉందో చెబుతుంది. ఈ పద్ధతితో మధ్య ఆర్కిటిక్‌లో గత 30,000 ఏళ్ల మంచు చరిత్రను 2025లో ప్రచురించారు. ఐపీ25 సున్నా చూపిన పొరల్లోనే ఈ నిష్పత్తినీ కొలిస్తే, ఆ సున్నా మంచు లేక వచ్చిందా, మంచు మరీ ఎక్కువై వచ్చిందా అన్నది చాలావరకు తేలుతుంది.