కుక్క ఉంటే చాలదు, నడవాలి

కుక్కను పెంచితే గుండెకు మంచిదని అంటుంటారు. ఆ మేలులో పెద్ద వాటా దాని వెనక మనం వేసే అడుగులదే. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అడుగడుక్కీ ఆగి వాసన చూసే కుక్కతో ఆ లెక్క తేలదు. మొదటి పది నిమిషాలు దాని ఇష్టానికి వదిలేసి, తర్వాత గొలుసు కురచగా పట్టుకుని, మాట్లాడగలం గానీ పాట పాడలేం అన్నంత వేగంతో అరగంట నడవండి.

పిల్లి ఉంటే మలం తొట్టిని ఏ రోజుకారోజే శుభ్రం చేయాలి. అందులో టాక్సోప్లాస్మా అనే, జబ్బు తెచ్చే పరాన్నజీవి ఉన్నా, అంటుకునే దశకు రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. గర్భిణులు ఆ పని ఇంకొకరికి అప్పగించాలి. ఇక అలర్జీ అనగానే బొచ్చు గొరిగించేస్తారు, పాపం! అసలు దోషి లాలాజలంలో, చర్మపు పొట్టులో ఉండే ప్రోటీను.