సవరణ: కొబ్బరినూనె గడ్డకట్టడం గురించి
చలికాలంలో కొబ్బరినూనె గడ్డకడితే అణువుల మధ్య కొత్త రసాయన బంధాలు ఏర్పడతాయని నిన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. కొత్త బంధాలేవీ పుట్టవు, ఉన్నవి తెగవు. అణువుల మధ్య ఎప్పుడూ ఉండే బలహీనమైన వాండర్‌వాల్స్ ఆకర్షణే, చల్లబడి వాటి కదలిక నెమ్మదించగానే, వాటిని వరసగా పేర్చేస్తుంది. అందుకే సీసాను కాసేపు ఎండలో పెడితే చాలు, సుమారు 25 డిగ్రీలు దాటగానే మళ్లీ అదే నూనె. మరి వేరుశనగనూనె అంత తొందరగా ఎందుకు గడ్డకట్టదు? కొబ్బరినూనెలోని కొవ్వు ఆమ్లాల్లో (నూనె అణువుల్లోని పొడవాటి భాగాలు) దాదాపు సగం లారిక్ ఆమ్లమే, దాని కార్బన్ పరమాణువుల గొలుసు తిన్నగా ఉండి పుల్లల కట్టలా దగ్గరగా ఒదుగుతుంది. వేరుశనగనూనెలో ఎక్కువగా ఉండే ఒలీయిక్ ఆమ్లం గొలుసుకు ద్విబంధం (రెండు కార్బన్ పరమాణువుల మధ్య జంట బంధం) దగ్గర వంపు ఉంటుంది, వంకర పుల్లలు కట్టలో సరిగ్గా ఇమడవు కదా. పిల్లలకు పాత పోస్టు చదివి వినిపించి ఉంటే దయచేసి ఇది కూడా వినిపించండి.