గాలి పద్దు

మా ఇంటి కారు నాలుగు తలుపుల మామూలు సెడాన్. ఎండ కాసినా, వాన కురిసినా, చలి కొరికినా ఏడాది పొడుగునా పిల్లవాణ్ని బడికీ, నన్ను ఆఫీసుకూ, మామగారిని కంటి డాక్టరు దగ్గరకూ నోరెత్తకుండా మోసే సాధుజంతువు. అటువంటి దానికి సూపర్‌చార్జర్ బిగించాలన్న బుద్ధి నాకెందుకు పుట్టిందని ఇంట్లోవాళ్లు ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు. నిజం చెప్పడానికి మొహం చెల్లక ఇంతకాలం రకరకాల కారణాలు చెబుతూ వచ్చాను గానీ, అసలు సంగతి ఇది. ఒక పొడవాటి ఎత్తు రోడ్డు మీద, నలుగురం కూర్చుని, డిక్కీ నిండా సామాను వేసుకుని, ఏసీ పూర్తిగా తిప్పి, యాక్సిలరేటరును నేలకు ఆనించి నేను నానా అవస్థ పడుతుండగా, నిండుగా సరుకు వేసుకున్న ఒక లారీ మమ్మల్ని తాపీగా దాటిపోయింది. దాని డ్రైవరు వెక్కిరించి ఉంటే ఆ సాయంత్రానికే మరచిపోయేవాణ్ని. అతను జాలిగా చూశాడు.

ఆ రాత్రి నుంచి నేను చదవడం మొదలుపెట్టాను. వారం తిరిగేసరికి ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి ఉపన్యాసం ఇవ్వగలిగినంత పండితుణ్ని అయ్యాను. మామూలు ఇంజిన్ గాలిని తన ఊపిరితో తాను పీల్చుకుంటుందనీ, సూపర్‌చార్జర్ ఉన్న ఇంజిన్‌కు గాలిని దట్టించి కూరుతారనీ, గాలి ఎక్కువ పడితే పెట్రోలు ఎక్కువ పోయవచ్చుననీ, రెండూ కలిస్తే బలం పెరుగుతుందనీ వివరించాను. 1860లో అమెరికాలో రూట్స్ సోదరులు పేటెంటు పొందిన ఊదుడు యంత్రం ఇనుము కరిగించే కొలిముల్లోకి గాలి కొట్టడానికి పనికివచ్చిందనీ, 1885లో గాట్లీబ్ డైమ్లర్ ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే పద్ధతికి పేటెంటు పుచ్చుకున్నాడనీ, 1921లో మెర్సిడెస్ వారు కంప్రెసర్ (సూపర్‌చార్జర్‌కు వాళ్లు పెట్టుకున్న పేరు) ఉన్న కార్లను బెర్లిన్ ప్రదర్శనలో పెట్టారనీ చరిత్ర కూడా చెప్పాను. మా ఆవిడ ఫోను చూసుకుంటోంది. పిల్లవాడు నిద్రపోయాడు. మామగారు ఒక్కరే శ్రద్ధగా విన్నారు. ఆయన అకౌంట్స్ విభాగంలో ముప్ఫయి రెండేళ్లు పని చేసి రిటైరైన మనిషి కావడం వల్ల, ఎదుటివాడు చెప్పేది పూర్తయ్యేదాకా ఓపిక పట్టి ఆ తరువాత తప్పు పట్టుకుంటారు.

"అంటే కొలిమి తిత్తి అన్నమాట" అన్నారు చివరికి. "బాగానే ఉంది. మరి ఆ తిత్తిని ఊదేదెవరు?"

"ఇంజినే అండీ. దాని బెల్టుతోనే ఇదీ తిరుగుతుంది."

"ఇంజిన్‌కు బలం చాలకనే కదా బాబూ, తిత్తి పెడుతున్నావు? ఆ తిత్తిని ఊదే బలం దానికి ఎక్కడి నుంచి వస్తుంది?"

పొగగొట్టంలోంచి వృథాగా పోయే వాయువుతో తిరిగేది టర్బో అనీ, ఇది మాత్రం ఇంజిన్ దగ్గర కాస్త బలం తీసుకుని అంతకు మించి తిరిగి ఇస్తుందనీ చెప్పాను. ఆయన ఒక్క క్షణం కళ్లు మూసుకుని, "అప్పు తెచ్చి వ్యాపారం" అని తేల్చారు. ఆ సంవత్సరమంతా మా కారు గురించి ఎవరు ఏమి మాట్లాడినా ఈ పదజాలంలోనే సాగుతుందని అప్పుడు నాకు తెలియదు.

ఇక్కడ నా పాండిత్యంలోని ఒక లోపం కూడా ఒప్పుకోవాలి. సముద్రమట్టం దగ్గర వాతావరణ పీడనం చదరపు అంగుళానికి 14.7 పౌండ్లు. ఒక వంతు పెట్రోలు పూర్తిగా మండడానికి కావలసిన గాలి బరువులో 14.7 వంతులు. ఈ రెండింటికీ ఏ చుట్టరికమూ లేదు. ఈ ముక్క నాకు బోధపడేలోగా, ఒకదాని బదులు మరొకటి వాడి మెకానిక్ ముందు పావుగంట సేపు మాట్లాడాను. అతను మర్యాదస్థుడు కాబట్టి మధ్యలో అడ్డు రాకుండా స్పానర్ తుడుచుకుంటూ నిలబడ్డాడు.

రెండు రోజుల పని అని మొదలుపెట్టింది పదకొండు రోజులు పట్టింది. కార్ల కంపెనీవాళ్లు బానెట్ కింద ఖాళీ స్థలాన్ని దానమివ్వడానికి ఉంచరు కాబట్టి, అతిథి వచ్చి కూర్చోవాలంటే ఉన్నవాళ్లలో ఎవరో ఒకరు లేవాలి. అద్దం కడిగే నీళ్ల డబ్బా లేచింది. దాని స్థానంలో దగ్గు మందు సీసా కన్నా కొంచెం పెద్దదైన ప్లాస్టిక్ బుడ్డి ఒకటి మూలన వేలాడదీశారు. పెద్ద ఇంజెక్టర్లు, బలమైన పెట్రోలు పంపు, ముందు భాగంలో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, అక్కడి నుంచి ఇంజిన్ దాకా నీలం రంగు సిలికాన్ గొట్టాలు, వాటిని పట్టి ఉంచడానికి మరచుట్టతో బిగించే స్టీలు క్లాంపులు వచ్చి చేరాయి. సంపీడన నిష్పత్తి పదిన్నర ఉన్న, అంటే సిలిండర్‌లో గాలిని పదిన్నర రెట్లు కుదించే ఇంజిన్‌లోకి ఇంకా గాలి కూరుతున్నాము కాబట్టి ఇకపై ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు తప్ప మరొకటి ముట్టకూడదన్నారు. బీమావాళ్లకు మార్పు తెలియజేసే ఫారంలో "వాహన వినియోగం" అన్న గడిలో "కుటుంబ అవసరాలు" అని రాస్తూ ఉంటే నా చెయ్యి నాకే కొంచెం వణికింది.

అన్నిటికన్నా నేను ముచ్చటపడి పెట్టించుకున్నది బూస్ట్ మీటరు. డాష్‌బోర్డు మీద, అందరికీ కనబడేటట్లు, గుండ్రటి గాజు వెనుక ఎర్ర సూది. నడిమధ్యన సున్నా ఉంటుంది, అది బయటి గాలి పీడనం. సూది కుడికి వెళ్తే సూపర్‌చార్జర్ గాలి దట్టిస్తున్నట్టు, ఎడమకు వెళ్తే ఇంజిన్ మామూలుగా పీల్చుకుంటున్నట్టు. నేను ఆలోచించనిది ఏమిటంటే, పెట్రోలు కారు నెమ్మదిగా నడిచేటప్పుడు థ్రాటిల్, అంటే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే తలుపు, దాదాపు మూసుకుని ఉంటుంది కనుక, దాని వెనుక ఎప్పుడూ శూన్యమే. ఊరికే నిలబడి ఉన్నప్పుడు సూది సున్నాకు ఎడమన 0.6, 0.7 బార్ (ఒక బార్ అంటే దాదాపు ఒక వాతావరణ పీడనం) దగ్గర వాలి ఉంటుంది. నింపాదిగా పోతుంటే కాస్త పైకి వస్తుంది, అంతే. పైగా నేను పెట్టించినది సెంట్రిఫ్యూగల్ రకం, గిర్రున తిరిగే చక్రంతో గాలిని విసిరేది. దాని ఒత్తిడి ఇంజిన్ వేగంతో పాటు మెట్లెక్కుతుంది. నాలుగు వేల ఆర్‌పీఎం దాటితే గానీ గట్టిగా నోరు విప్పదు. మా కుటుంబంలో నాలుగు వేల ఆర్‌పీఎం చూసినవాళ్లు ఎవరూ లేరు. రెండు వేల ఐదువందలకే మా ఆవిడ తలుపు పిడి పట్టుకుంటుంది.

మొదటి ప్రయాణంలోనే మామగారు వెనుక సీటులోంచి ముందుకు వంగి మీటరు చూశారు. పది నిమిషాలు చూశారు. "ఇది ఎప్పుడూ లోటులోనే ఉందేం బాబూ?" అన్నారు. మూడు నెలల తరువాత, అడగకుండానే, ఒక చిన్న నోటు పుస్తకంలోంచి నాకు నివేదిక చదివి వినిపించారు. సూది సున్నా దాటి కుడికి వెళ్లిన సందర్భాలు తొమ్మిది, అందులో ఆరు పిల్లవాడు బూట్లు వెతుక్కోవడం వల్ల బడికి ఆలస్యమైన రోజులవి, మొత్తం మిగులు కాలం సుమారు నలభై సెకన్లు. మిగతా మూడు నెలలూ లోటే. ఏ కొత్త యంత్రాన్నయినా ఆమోదించే ముందు ఇలాంటి మనిషి చేత లెక్క చూపించుకోవాలని నాకు అనిపించింది గానీ, ఆ మాట ఆయన ముందు అనలేదు.

వేసవిలో ఒక రకం అవస్థ. గాలిని ఒత్తితే వేడెక్కుతుంది. 40 డిగ్రీల గాలిని తీసుకుని 0.4 బార్ అదనంగా దట్టిస్తే కంప్రెసర్ లోంచి సుమారు 90 డిగ్రీలతో బయటికి వస్తుంది. దాన్ని చల్లార్చడానికి పెట్టిన ఇంటర్‌కూలర్, ఏసీ కండెన్సర్‌కు ఎదురుగా గోడలా నిలబడి దానికి గాలి ఆడనివ్వలేదు. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్‌కు ఉక్క, మాకు ఉక్క. ఇంజిన్ టకటకమని కొట్టుకోబోతే నాక్ సెన్సర్ పసిగట్టి నిప్పురవ్వ పడే వేళను కాస్త ఆలస్యం చేసి, వచ్చిన బలంలో కొంత తిరిగి లాక్కునేది. "నలభై గుర్రాలు అదనంగా కొన్నారు కదండీ, వాటిలో ఒక్కదాన్ని విసనకర్ర పట్టుకోమనకూడదా?" అని మా ఆవిడ అడిగింది.

చలికాలంలో గాలి చిక్కన. సున్నా డిగ్రీల గాలి 40 డిగ్రీల గాలి కన్నా దాదాపు 15 శాతం బరువు, కాబట్టి బలం పుష్కలం. అయితే ఆయిల్ వేడెక్కకుండా ఇంజిన్‌ను దౌడు తీయించకూడదు, ఆయిల్ వేడెక్కేసరికి బడి వచ్చేస్తుంది. చలికాలం గురించి చెప్పుకోవలసింది అంతే.

ఇక వాన సంగతి. ఆ రోజు మామగారు రైలెక్కాలి. బయలుదేరడం ఆలస్యమైంది, కారణం బూట్లే. ఆకాశం చిల్లుపడ్డట్టు కురుస్తోంది. నా మనసులో మాత్రం, పైకి చెప్పకూడదు గానీ, పండుగలా ఉంది. ఇన్నాళ్లకు నా యంత్రానికి ఒక న్యాయమైన పని దొరికింది. తడిసిన బెల్టు పుల్లీ మీద జారి వీధి మలుపు దాటేదాకా కీచుమంటూ కూసింది. దాని వెనుక సూపర్‌చార్జర్ ఎప్పటిలాగే చెవిలో దోమలా సన్నగా పాడుతోంది. ముందు వెళ్తున్న లారీ చిమ్మిన బురద అద్దం మీద పడితే నీళ్లు కొట్టాను. దగ్గు మందు సీసా రెండు చుక్కలు రాల్చి ఊరుకుంది.

పెద్ద రోడ్డులో కలిసే ఎత్తు దారి మొదలైంది. ఎడమన గోడ, కుడిన ప్రవాహంలా వాహనాలు, ముందు ఖాళీ. మూడో గేరు వేసి యాక్సిలరేటరు తొక్కాను. తడి రోడ్డు మీద ముందు చక్రాలు ఒక్క క్షణం గిరగిరా తిరిగి, స్టీరింగు నా చేతుల్లో చేపలా గిలగిలలాడి, ఆపైన పట్టు దొరికింది. దోమ పాట ఈల అయింది. సూది లేచింది. లోటులోంచి పైకి వచ్చి, సున్నా దగ్గర తడబడకుండా, కుడివైపు 0.2, 0.3, 0.4 దాకా నిటారుగా వెళ్లింది. వెనుక సీటులోంచి మామగారు నా భుజం మీదుగా తల పెట్టి, ముప్ఫయి రెండేళ్ల ఉద్యోగంలో కూడా ఎన్నడూ ఎత్తనంత గొంతుతో, "మిగులు!" అని కేక వేశారు.

ఆ మాటకు జవాబుగా బానెట్ కింద ఢామ్మని పేలింది.

పిల్లవాడు చప్పట్లు కొట్టాడు. వెనుక నల్లటి పొగ. తొక్కుతున్న కొద్దీ బండి ముందుకు పోవడం మాని దగ్గసాగింది. కాలు తీసేసరికి ఇంజిన్ ఆగిపోయింది. అంచుకు లాగి ఆపాను. వైపర్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. మా ఆవిడ నా వైపు చూడలేదు. ఫోను తీసి ట్యాక్సీ కోసం వెతకడం మొదలుపెట్టింది.

వానలో బానెట్ ఎత్తి చూస్తే నేరస్థుడు వెంటనే కనబడ్డాడు. ఇంటర్‌కూలర్ నుంచి థ్రాటిల్‌కు వెళ్లే నీలం గొట్టం తన చోటు వదిలేసి నోరు తెరుచుకుని పక్కకు వాలి ఉంది. లోపలి అంచున సన్నటి ఆయిల్ పొర మెరుస్తోంది. వదులైపోయిన క్లాంపు గాజులా గొట్టం మెడలో వేలాడుతోంది. వేడికీ చలికీ వ్యాకోచించి సంకోచించే సిలికాన్ మీద క్లాంపులు కొన్నాళ్లకు సడలుతాయనీ, మళ్లీ బిగించుకోవాలనీ మెకానిక్ చెప్పాడు. నేను విన్నాను కూడా. మామగారు గొడుగు పట్టుకుని దిగి పక్కన నిలబడి, గొట్టం ఊడితే చప్పుడు వచ్చి ఊరుకోవాలి గానీ ఇంజిన్ ఎందుకు ఆగాలని అడిగారు.

"గాలిని కొలిచే సెన్సర్ కంప్రెసర్‌కు ముందు ఉంటుందండీ. అది కొలిచిన గాలంతా ఇంజిన్‌కు చేరిందనుకుని కంప్యూటరు దానికి తగిన పెట్రోలు పోసింది. గాలేమో దారిలో బయటికి పోయింది. ఉత్త పెట్రోలు మిగిలి ఉక్కిరిబిక్కిరి అయింది."

"పుస్తకంలో జమ ఉంది, గల్లాలో డబ్బు లేదు" అన్నారాయన, ఇన్నాళ్లలో మొదటిసారి నా యంత్రం మీద నిజమైన సానుభూతితో.

గొట్టాన్ని తిరిగి దూర్చి మరచుట్ట బిగిస్తే సరిపోయేది. ఒక్క స్క్రూడ్రైవర్ కావాలి. బలానికి తగ్గట్టు బరువు కూడా తగ్గాలని నేను రెండు నెలల కిందట పనిముట్ల సంచిని డిక్కీలోంచి తీసి ఇంట్లో మంచం కింద పెట్టాను. ఒక నాణెంతో ప్రయత్నించాను. వానకు జారి అది ఇంజిన్ అడుగున ఎక్కడో పడింది. ఈనాటికీ దొరకలేదు.

ట్యాక్సీ వచ్చింది. అది సరిగ్గా మా కారే. అదే మోడలు, అదే రంగు, బానెట్ కింద కంపెనీ ఇచ్చినది తప్ప మరేమీ లేనిది. నాలుగు పెట్టెలూ డిక్కీలో పట్టాయి. అద్దం మీద నీళ్లు ధారగా కొట్టుకుని తళతళలాడుతోంది. మా ఆవిడ, పిల్లవాడు ఎక్కారు. ట్యాక్సీ డ్రైవరు మా బానెట్ లోకి తొంగిచూసి, ఏమీ అడగకుండా, తన పెట్టెలోంచి స్క్రూడ్రైవర్ తీసి నా చేతిలో పెట్టాడు. ఆ చూపు నాకు తెలుసు. లారీ డ్రైవరు చూపే అది.

మామగారు నోటు పుస్తకం మరచిపోయానంటూ వెనక్కి వచ్చారు. సీటు మీది పుస్తకం తీసుకుని, అలవాటు కొద్దీ డాష్‌బోర్డు వైపు చూసి, కళ్లజోడు సవరించుకుని ఇంకొకసారి చూశారు. ఇంజిన్ ఆగిపోయింది కాబట్టి ఎర్ర సూది నిట్టనిలువుగా, అటూ ఇటూ వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా, సున్నా మీద నిలిచి ఉంది.

"బాబూ, ఇన్నాళ్లకు పద్దు సరిపోయింది" అని, తేదీ వేసి రాసుకుని, గొడుగు నా చేతికిచ్చి వెళ్లి ట్యాక్సీ ఎక్కారు.