వాటర్ పోలో మగవాళ్ళకు డబ్బు, ఆడవాళ్ళకు కాలక్షేపమా?

వాటర్ పోలో అంటే నీళ్ళలో ఈదుతూ రెండు జట్లు బంతిని గోల్‌లోకి వేసే ఆట. దాని గురించి సోషల్ మీడియాలో ఒక మాట తెగ తిరుగుతూ ఉంటుంది: "మగవాళ్ళు డబ్బు కోసం ఆడతారు. ఆడవాళ్ళకు పోటీ పట్టదు, ఫిట్‌నెస్, స్నేహాల కోసం వస్తారు. సైకాలజీ కూడా ఇదే తేల్చింది." ఇందులో మూడు ముక్కలున్నాయి. మూడూ నిలబడవు.

ముందు డబ్బు సంగతి. అమెరికాలో కాలేజీ వాటర్ పోలోకు మొన్నమొన్నటి దాకా స్కాలర్‌షిప్పుల మీద ఒక పరిమితి ఉండేది. పై స్థాయి అయిన డివిజన్ 1లో పురుషుల జట్టుకు మొత్తం కలిపి 4.5 పూర్తి స్కాలర్‌షిప్పులకు సరిపడా సొమ్ము, మహిళల జట్టుకు 8కి సరిపడా. ఫీజు భారం తప్పించుకోవడానికే ఆడతారనుకుంటే ఆ ఆశ అమ్మాయిలకే ఎక్కువ ఉండాలి. హంగరీలో ఒలింపిక్ పతకం తెచ్చినవాళ్ళకు ఒక వయసు దాటాక ప్రభుత్వం నెలనెలా భృతి ఇస్తుంది, ఆడామగా తేడా లేదు. మన దేశంలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం పెద్ద ఆకర్షణే. అయితే జాతీయ పోటీల్లో దిగే రైల్వేస్‌కు మహిళల జట్టు కూడా ఉంది.

అసలు ఈ ఆటలో డబ్బెక్కడిది? పారిస్ ఒలింపిక్స్‌కు ముందు, 2024లో, అమెరికా మహిళల కెప్టెన్ మ్యాగీ స్టెఫెన్స్ ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పోస్టు పెట్టారు. చాలామంది ఒలింపియన్లు రెండో ఉద్యోగమో మూడో ఉద్యోగమో చేసుకుంటూ ఆడుతున్నారని, తానూ అంతేనని రాశారు. అప్పటికే ఆమెవి మూడు ఒలింపిక్ స్వర్ణాలు! అది చూసి ర్యాపర్ ఫ్లేవర్ ఫ్లేవ్ స్పాన్సర్‌గా ముందుకొచ్చాడు.

మగవాళ్ళ వైపు చూసినా డబ్బు లెక్క కుదరదు. హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో తిరుగుబాటును సోవియట్ ట్యాంకులు అణచివేసిన కొద్ది వారాలకే, 1956 డిసెంబరులో, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో హంగరీ 4-0తో సోవియట్ జట్టును ఓడించింది. దెబ్బ తిని రక్తం కారుతూ హంగరీ ఆటగాడు ఎర్విన్ జాడోర్ నీళ్ళలోంచి బయటికొచ్చాడు. ఒలింపిక్స్ అయ్యాక అతను స్వదేశానికి తిరిగి వెళ్ళలేదు. ఆ రోజు ఆ జట్టును నడిపించింది జీతం కాదు.

ఇక "ఆడవాళ్ళకు పోటీ పట్టదు" అనే మాట. నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించేది ఇదే. పురుషుల వాటర్ పోలో 1900లోనే ఒలింపిక్స్‌లో ఉంది. మహిళలకు చోటు దక్కింది 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో, అదీ అడిగి, పోరాడి తెచ్చుకున్నాక. ఒలింపిక్ కమిటీ పెద్దలు సిడ్నీ విమానాశ్రయంలో దిగితే ఆస్ట్రేలియా క్రీడాకారిణులు స్విమ్‌సూట్లలోనే వెళ్ళి ఎదురు నిలిచారు. ఫిట్‌నెస్ కావాలంటే ఏ ఈతకొలనులోనైనా దొరికేది కదా. తర్వాత సిడ్నీ ఫైనల్లో, ఇంకా రెండు సెకన్లు కూడా లేవనగా యివెట్ హిగ్గిన్స్ గోల్ కొట్టింది. అమెరికాపై 4-3తో ఆస్ట్రేలియాకు స్వర్ణం. ఒకరినొకరు గీరుకోకుండా మ్యాచ్‌కు ముందు రిఫరీలు గోళ్ళు చూసి పంపే ఆట ఇది. నీళ్ళ కింద తన్నులు, స్విమ్‌సూట్ పట్టి లాగడాలు మామూలే. కేవలం స్నేహం కోసం వచ్చేవాళ్ళు తొలి వారమే పారిపోతారు.

చివరిది సైకాలజీ. ఎదుటివాణ్ణి మించాలనే కోరిక, తన నైపుణ్యం పెంచుకోవాలనే కోరిక అని పరిశోధకులు రెండు రకాలు చూస్తారు. మొదటిది మగవాళ్ళలో సగటున కాస్త ఎక్కువని కొన్ని అధ్యయనాల్లో తేలిన మాట నిజమే. కానీ అది సగటు మాత్రమే, పైగా ఆ రెండు కోరికలూ ఒకే మనిషిలో బలంగా ఉండొచ్చు. సగటు చూపించి, ఎదురుగా ఉన్న గోల్‌కీపర్ ఎందుకు ఆడుతోందో ఎవరూ చెప్పలేరు. ఆమెనే అడగాలి.