కాట్నిస్ ఎవరి మనిషి?

(తొమ్మిదో తరగతి చదివే చిన్నోడు 'హంగర్ గేమ్స్' పుస్తకాలు కొనిపెట్టమన్నాడు. కొందామని వాడి అక్క, వద్దని మేనమామ. అక్క డిగ్రీ చదువుతోంది. మావయ్య హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాడు, కాలేజీ రోజుల్లో విద్యార్థి సంఘం జెండా మోసినవాడు. ఇద్దరూ మూడు పుస్తకాలూ చదివే కూర్చున్నారు, అదొక్కటే నయం. అడిగినవాణ్ణి మాత్రం ఎవరూ పిలవలేదు.)

మేనకోడలు: ముందు కథ చెప్పేస్తాను మావయ్యా, అమ్మ కూడా వింటోంది. ఇప్పటి అమెరికా నాశనమైపోయాక అక్కడ పానెం అనే దేశం పుడుతుంది. కాపిటల్ అనే నగరం పెత్తనం చేస్తుంది, 12 డిస్ట్రిక్టులు బొగ్గో ధాన్యమో బట్టో పంపి దాన్ని పోషిస్తాయి. ఒకప్పుడు అవి తిరగబడి ఓడిపోయాయి. ఆ శిక్షగా ఏటా ఒక్కో డిస్ట్రిక్టు నుంచి ఒక అబ్బాయినీ ఒక అమ్మాయినీ చీటీ తీసి పంపాలి. అందరూ 12 నుంచి 18 ఏళ్ల లోపు వాళ్లే. ఆ 24 మందీ ఒక్కరు మిగిలేదాకా చంపుకోవాలి, దేశమంతా టీవీలో చూడాలి. చెల్లెలు ప్రిమ్ పేరు వస్తే దాని బదులు నేను వెళతానంటుంది పన్నెండో డిస్ట్రిక్టు అమ్మాయి కాట్నిస్. సుజాన్ కాలిన్స్ రాసింది. 2008, 2009, 2010... ఏడాదికొకటి. తర్వాత వెనకటి కథలు రెండు రాసింది గానీ మన గొడవ ఈ మూడింటితోనే.

మావయ్య: రక్తం ఉంది కాబట్టి వద్దంటున్నానని మాత్రం అనుకోకు. ఆ పాట అమెరికాలోనే పాడేశారు. 2010, 2011ల్లో అక్కడి లైబ్రరీ అసోసియేషన్ వేసిన జాబితా ఉంది కదా, ఎక్కువ అభ్యంతరాలొచ్చిన పుస్తకాలని, అందులో ఇదీ ఉంది. నేను ఆ బాపతు కాదు. భారతం విని పెరిగిన ఇంట్లో పిల్లాడికి చావు కొత్తా? నా పేచీ ఏంటంటే, దీన్ని తిరుగుబాటు పుస్తకం అంటున్నారు. ఎక్కడుందే తిరుగుబాటు? ఒక అమ్మాయి, ఒక విల్లు, ఆ పిల్ల చుట్టూ ఇద్దరబ్బాయిలు.

మేనకోడలు: ఇద్దరబ్బాయిల గోల సినిమా పోస్టర్లది. పుస్తకం మొదట్లోనే ఒక లెక్క ఉంది, అది చూశావా నువ్వు? కాట్నిస్ పేరు డబ్బాలో ఎన్ని చీటీల మీద ఉందో?

మావయ్య: ఇరవై.

మేనకోడలు: ఎందుకు ఇరవై? పన్నెండో ఏట అందరికీ ఒక చీటీ వేస్తారు, ఏటా ఒకటి చొప్పున పెరుగుతుంది. ఇంట్లో తిండి లేకపోతే అదనంగా చీటీలు వేయించుకోవచ్చు. ఒక్కో చీటీకి ఒక మనిషికి ఏడాదికి సరిపడా అంటూ కాస్త ధాన్యం, కాస్త నూనె ఇస్తారు. దాని పేరు టెసెరా. కాట్నిస్ తనకీ, అమ్మకీ, ప్రిమ్‌కీ కలిపి మూడు తీసుకుంది. మామూలుది ఒకటి. ఏడాదికి నాలుగు, పదహారో ఏటికి ఇరవై. ఆమెతో వేటకెళ్లే స్నేహితుడు గేల్‌కి పద్దెనిమిది, ఇంట్లో ఐదుగురు. ఏడాదికి ఆరు చొప్పున నలభై రెండు. బజారులో కొట్టున్న వాళ్ల పిల్లకి ఏడాదికి ఒక్కటే చీటీ. చీటీలు తీయడంలో మోసం ఏమీ లేదు మావయ్యా, అందరికీ ఒకటే రూలు. ఆకలున్నవాడు తన చేత్తో తనే చీటీలు పెంచుకుంటాడు. దీన్నిమించి ఏం పాఠం చెబుతారు మీ సోషల్ మాస్టార్లు?

మావయ్య: ఒప్పుకుంటా, ఆ లెక్క బాగుంది. క్లాసులో చెప్పదగ్గది. ఆ చీటీలు మనల్ని మనలోనే విడదీయడానికి పెట్టారని గేల్ పళ్లు నూరుతాడు కూడా. అయితే? పళ్లు నూరి ఏం చేశారు, అడవిలోకి వేటకెళ్లారు. గనుల్లో పనిచేసే డిస్ట్రిక్టు అది. ఒక సమ్మె మాట లేదు, ఒక సంఘం మాట లేదు. మన తెలంగాణలో వెట్టికి ఎదురు తిరిగినప్పుడు ఏది ముందొచ్చింది? ఊరూరా సంఘం ముందు. 1946 జులైలో కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకి పడిపోయాడంటే, ఆయన సంఘం ఊరేగింపులో ముందు నడుస్తున్నాడు. తుపాకులు తర్వాత పట్టారు. ఈ పుస్తకంలో జనం ఏం చేస్తారు? టీవీ చూస్తారు. ఒక పిల్ల ఏదో చేస్తే దాన్ని చూసి ఊగిపోతారు.

మేనకోడలు: ఆటల్లో కాట్నిస్‌తో జట్టుకట్టిన చిన్నపిల్ల రూ చచ్చిపోయినప్పుడు వాళ్ల డిస్ట్రిక్టు వాళ్లు కాట్నిస్‌కి రొట్టె పంపుతారు, గుర్తుందా? పదకొండో డిస్ట్రిక్టు, తిండి పండించేవాళ్లకే తిండి లేని చోటు. అరీనాలోకి, అంటే ఆటలు జరిగే చోటికి, చిన్న వస్తువు పంపాలన్నా బోలెడు డబ్బు కావాలి. వాళ్లు చందాలేసుకుని ఉంటారు కదా? తలా ఒక పైసా తీయకుండా ఆ రొట్టె రాదు. అది నీ సంఘం కాదా?

మావయ్య: (కాసేపాగి) చందా అయితే చందానే.

(మావయ్యకి చందా పుస్తకాల మీద ఉన్న గౌరవం ఇంట్లో అందరికీ తెలుసు. దెబ్బ సరిగ్గా అక్కడే తగిలింది.)

మేనకోడలు: రెండో పుస్తకంలో అదే డిస్ట్రిక్టులో ఒక ముసలాయన రూ పాట ఈల వేసి, మూడు వేళ్లు పెదాలకి ఆనించి పైకెత్తుతాడు. జనమంతా ఎత్తుతారు. ఆయన్ని అక్కడికక్కడే కాల్చేస్తారు. పన్నెండో డిస్ట్రిక్టులో ఆ సైగ తిరుగుబాటుదే కాదు, చావు దగ్గర చేసేది. నీకు మా కృతజ్ఞత, ఇక సెలవు అని. దాన్ని తిరుగుబాటు చేసింది కాట్నిస్ కాదు, కాల్చినవాళ్లు.

మావయ్య: ఆ సైగ సంగతే ఎత్తబోతున్నాను. దాని గతి ఏమైందో చూడు. 2013లో రెండో సినిమా వచ్చినప్పుడు ఒక మేకప్ కంపెనీ ఏకంగా కాపిటల్ పేరుతోనే లిప్‌స్టిక్కులూ నెయిల్ పాలిష్‌లూ అమ్మింది. పిల్లల్ని చంపించి చూసే ఊరి పేరు! జనం కొన్నారు కూడా. తిరుగుబాటుని ఎంత తేలిగ్గా అరలో పెట్టి అమ్మొచ్చో చెప్పడానికి ఇంకేం కావాలి?

మేనకోడలు: లిప్‌స్టిక్ అమ్మినవాళ్లని తిట్టు, నేనూ తిడతాను. కానీ ఆ మరుసటేడే థాయిలాండ్‌లో ఏం జరిగిందో కూడా చెప్పు. 2014 మే నెలలో అక్కడ సైన్యం ప్రభుత్వాన్ని పడగొట్టింది. ఊరేగింపులు వద్దన్నారు. జనం నిలబడి మూడు వేళ్లు ఎత్తారు, అంతే. అదీ వద్దన్నారు. నవంబరులో ఖోన్ కేన్‌లో ప్రధాని ప్రయుత్ మాట్లాడుతుంటే ఐదుగురు విద్యార్థులు ఎదుట నిలబడి వేళ్లెత్తితే పట్టుకుపోయారు. బ్యాంకాక్‌లో ఒక థియేటర్ల కంపెనీ మూడో సినిమా ఆటలు రద్దు చేసింది. 2020లో అక్కడి బడిపిల్లలు పొద్దున్న జెండా దగ్గర జాతీయగీతం పాడేటప్పుడు ఎత్తారు. మన చిన్నోడి ఈడు వాళ్లు. 2021 ఫిబ్రవరిలో మయన్మార్‌లో సైన్యం దిగితే ఆసుపత్రుల్లో డాక్టర్లు, నర్సులు ఎత్తారు. అదే నెలలో ఆ దేశ రాయబారి ఐక్యరాజ్యసమితి సభలోనే ఎత్తాడు. వీళ్లందరూ లిప్‌స్టిక్ కొన్నవాళ్లా?

మావయ్య: కాదు. వాళ్ల ధైర్యాన్ని తక్కువ చేయను, లాఠీ దెబ్బ రుచి కొంచెం నాకూ తెలుసు. కానీ ధైర్యం వాళ్లది, పుస్తకానిది కాదు. వేళ్లు లేకపోతే గొడుగు పట్టుకునేవాళ్లు, ఖాళీ కాయితం పట్టుకునేవాళ్లు. దానికీ దీనికీ ముడి పెట్టకు. పైగా మయన్మార్‌లో సైన్యం దిగిపోయిందా వేళ్లు చూసి?

మేనకోడలు: పుస్తకం చదివితే సైన్యం దిగిపోతుందని నేను అన్నానా?

మావయ్య: సరే, అది వదిలేద్దాం. నన్ను అసలు బాధపెట్టింది మూడో పుస్తకం. అక్కడే రచయిత్రి చేతులెత్తేసింది. తిరుగుబాటు సైన్యం పదమూడో డిస్ట్రిక్టు నుంచి, ఎప్పుడో నాశనమైపోయిందని అందరూ అనుకున్న చోటు నుంచి వస్తుంది, నాయకురాలు కాయిన్. చివరికి ఏమవుతుంది? కాపిటల్ అధ్యక్షుడు స్నో ఎంత దుర్మార్గుడో ఈ కాయినూ అంతే అని తేలుస్తారు. అధికారం ఎవరికొచ్చినా ఇంతే, అందరూ దొంగలే! అమ్మాయ్, ఈ మాట ఎవరికి లాభం? నలభై ఏళ్లుగా వింటున్నాను. ఎక్కడ నలుగురు కూడినా ఒకడొచ్చి ఇదే అంటాడు, మీరు గెలిచినా మీరూ అలాగే చేస్తారని. ఆ మాట విన్నవాళ్లు ఇంటికెళ్లి పడుకుంటారు. పద్నాలుగేళ్ల పిల్లాడికి తిరుగుబాటు మీద మోజు పుట్టకముందే విరక్తి పుట్టిస్తుంది ఈ పుస్తకం.

మేనకోడలు: నాకు నచ్చిందే అది. కాస్త తీరిగ్గా చెప్పనీ. గేల్ మంచివాడు. టెసెరా లెక్క కట్టి మండిపడ్డవాడు. ఊరు బాంబులకి కాలిపోతుంటే వందల మందిని అడవిలోకి నడిపించి బతికించినవాడు. అలాంటివాడు పదమూడో డిస్ట్రిక్టులో ఆయుధాల గదిలో కూర్చుని ఒక పథకం వేస్తాడు. మొదటి బాంబు పేలాలి, దెబ్బతిన్నవాళ్ల కోసం మనుషులు పరుగెత్తుకు రావాలి, అప్పుడు రెండోది పేలాలి. అంటే జాలిపడి వచ్చేవాళ్లకి పెట్టిన ఉచ్చు. కాట్నిస్ అడుగుతుంది, హద్దంటూ ఏమీ లేదా అని. స్నో కూడా హద్దులు చూసుకోలేదంటాడు. తర్వాత కాపిటల్ నడిబొడ్డున, స్నో భవనం ముందు పిల్లల్ని అడ్డంగా నిలబెట్టారు. పైనుంచి చిన్న చిన్న పారాచూట్లు దిగాయి. అరీనాలో మందో రొట్టో వచ్చేది ఆ పారాచూట్లలోనే, అందుకే పిల్లలు చేతులు చాచారు. పేలాయి. తిరుగుబాటుదారుల వైపు నర్సులు పరుగెత్తారు. వాళ్లలో ప్రిమ్ ఉంది, పదమూడేళ్లది. రెండోసారి పేలాయి. ఎవరిని కాపాడ్డానికి కథ మొదలైందో ఆ పిల్లే పోయింది, బహుశా మనవాళ్ల బాంబుకే. గేల్ 'అది నాది కాదు' అని చెప్పలేకపోతాడు, ఎందుకంటే అతనికీ తెలియదు. అందరూ దొంగలే అనడం లేదు మావయ్యా ఇది. మనవైపు వాడు ఈ లెక్క వేసినప్పుడు ఎవరు అడ్డుపడాలి అని అడగడం.

మావయ్య: ఈ రెండో బాంబు దగ్గర నేనూ పుస్తకం మూసి పక్కన పెట్టాను. అది కాదనను. రాసినావిడ తండ్రి ఎయిర్‌ఫోర్స్ ఆఫీసరట, ఈవిడ ఒకటో తరగతిలో ఉండగా వియత్నాం యుద్ధానికి వెళ్లాడట. అది తెలుస్తూనే ఉంది, బాంబుల సంగతి వినికిడి మీద రాసినట్టు లేదు. కానీ అడ్డుపడటం అన్నావు చూడు, కాట్నిస్ అడ్డుపడిందా? కాయిన్ ఏడుగురు పాత విజేతల్ని గదిలో కూర్చోబెట్టి ఓటు పెడుతుంది. కాపిటల్ పిల్లలతో ఆఖరిసారి ఆటలు ఆడిద్దామా అని. కాట్నిస్‌తోపాటు ఆటలకెళ్లిన పీటా వద్దన్నాడు, ఆనీ, బీటీ వద్దన్నారు. ఇంకో ఇద్దరు సై అన్నారు. కాట్నిస్? సై అంది, ప్రిమ్ కోసం అని! తాగుబోతు హేమిచ్ నేనూ ఆమె వైపే అన్నాడు. నాలుగు మూడు. మీ హీరోయిన్ పిల్లల్ని చంపడానికి ఓటేసింది.

మేనకోడలు: కాయిన్‌ని నమ్మించడానికి వేసింది. తర్వాత స్నోని చంపమని విల్లు చేతికిస్తే, బాణం కాయిన్ మీదకే తిప్పింది.

మావయ్య: అలా అని పుస్తకంలో ఎక్కడా రాయలేదు. నువ్వు అనుకుంటున్నావు.

మేనకోడలు: రాయకపోబట్టే చదివినవాడు ఆలోచించాలి.

మావయ్య: సరే, నమ్మించడానికే అనుకో. అప్పుడూ నేను ఒప్పుకోను. జనానికి ఏమీ చెప్పకుండా, నలుగురితో మాట్లాడకుండా, ఒక్కర్తే నిర్ణయించేసి బాణం వేసింది. మా సంఘంలో దీన్ని దుందుడుకుతనం అనేవాళ్లం. ఒక నాయకుణ్ణి లేపేస్తే రాజకీయం మారదు. అదేదో ఆ ఓటు దగ్గరే లేచి, పీటాలాగా గట్టిగా కాదని ఉంటే, ఆ బాంబు ఎవరిదో నలుగురి ముందూ అడిగి ఉంటే, అది అడ్డుపడటం.

మేనకోడలు: ఆ మాత్రం అడగనిచ్చే చోటా అది? రెండో పుస్తకం చివర తనని అరీనా నుంచి బయటికి తెచ్చే ప్లాను సగం మందికి తెలుసు, తనకి మాత్రం చెప్పలేదు. తిరుగుబాటుకి బొమ్మ కావాలి, బొమ్మకి ప్లాను చెప్పరు. అంతకుముందు ఆటలు నడిపించిన ప్లూటార్కే ఇటొచ్చి కెమెరాలు పెట్టి ఆమెతో ప్రచారం వీడియోలు తీయిస్తాడు. ఇది నేను అడగకూడదు గానీ అడుగుతున్నా. మీ సంఘంలో అన్నీ అందరికీ చెప్పేవాళ్లా?

మావయ్య: (కండువా సర్దుకుని) అన్నీ అంటే... చెప్పకూడనివి ఉంటాయి.

మేనకోడలు: పదమూడో డిస్ట్రిక్టువాళ్లు కూడా అదే అన్నారు.

మావయ్య: వెటకారం చాలు. నా ప్రశ్నకి జవాబు రాలేదు. గెలిచాక ఏమైంది? గనుల్లో చచ్చినవాళ్ల పిల్లలకి ఏం మారింది? ఆఖర్న ఇల్లు, మొగుడు, ఇద్దరు పిల్లలు. అదే కదా ముగింపు.

మేనకోడలు: చివరి పేజీలు తొందరగా తిప్పేశావు నువ్వు. గనులు మూసేశారు. బూడిదని మట్టిలో కలిపి దున్ని పంట వేశారు. మందుల ఫ్యాక్టరీ కట్టడానికి కాపిటల్ నుంచి మెషిన్లు వచ్చాయి. అధ్యక్షురాలిగా పేలర్‌ని ఎన్నుకున్నారు, ఆమె బట్టల మిల్లుల డిస్ట్రిక్టు మనిషి. రెండు మూడు వాక్యాల్లో చెప్పింది, అంతే, కానీ చెప్పింది. ఆ పిల్లలు ఆడుకునే పచ్చికబయలు కింద ఊళ్లో చచ్చినవాళ్లందర్నీ పూడ్చారని కూడా చెప్పింది. పిల్లలకి అది తెలియదు.

మావయ్య: రెండు మూడు వాక్యాలు! బాంబుకి అన్ని పేజీలు ఇచ్చినావిడ ఎన్నికకి ఒక్క పేజీ ఇవ్వలేకపోయింది. అదే అంటున్నాను నేను.

మేనకోడలు: ఎన్నిక పేజీ మన చిన్నోడు చదువుతాడా?

మావయ్య: వాడు చదవడనే కదా వాడికి సోషల్‌లో ఆ మార్కులు. (నవ్వి) సరే కొను. కానీ ఒక షరతు. మొదటిదొక్కటే తెచ్చి ఊరుకోకు, మూడూ తేవాలి. మొదటిదొక్కటే చదివితే వాడికి విల్లే గుర్తుంటుంది.

మేనకోడలు: మూడోది బోరు అంటాడు. నా ఫ్రెండ్స్ అందరూ అదే అన్నారు, ఎవరూ గెలిచినట్టు లేదని.

మావయ్య: అననీ. ప్రిమ్ పోయేదాకా చదివి నా దగ్గరికి రమ్మను. ఆ ఓటు గురించి అడుగుతాను.

మేనకోడలు: నీ ఓటు ఏంటో ముందే చెప్పకు మరి.

మావయ్య: నేను పీటా పక్షమని చెబుతాను, దాచడం ఎందుకు? రొట్టెలు కాల్చేవాడైతేనేం.